పళ్ళ మధ్య దారం

గల్ఫుకి వచ్చిన ఇన్నేళ్ళలో నేనూ మా ఆయనా ఒకే కప్పు కింద ఉన్నది ఒక్క డిసెంబరు నెల. అందులో సగం సత్వాలో చెక్క గోడల గది, మిగతా సగం దుబాయ్‌లోనే ఒక థియేటరు. ఆ క్రిస్మస్ సెలవుల్లో అక్కడ బ్యాలే ఆడింది. మా ఆయన స్టేజీకి పైన, కప్పు కింద ఉండే ఇనుప వంతెన మీద నిలబడి మంచు కురిపించేవాడు. నేను కింద తెరచాటున నిలబడి డాన్సర్లకి బట్టలు తొడిగేదాన్ని.

ఎడారిలో మంచేంటని ఊళ్ళోవాళ్ళు అడిగారు. కాయితం మంచు. తెల్ల కాయితాన్ని సన్నగా కత్తిరించి, స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఉయ్యాలలా కట్టిన పొడుగాటి గుడ్డలో పోస్తారు. గుడ్డ నిండా చిల్లులుంటాయి. పైన ఉన్న మనిషి తాడు పట్టుకుని మెల్లగా ఊపుతుంటే జల్లు జల్లుగా రాలుతుంది. ఆట అయ్యాక ఆ మంచునే ఊడ్చి, జల్లించి, మళ్ళీ గుడ్డలో పోస్తారు.

మా ఆయన పేరు త్రిమూర్తులు. కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాడు. "కాయలు దింపినోణ్ణి, కాయితాలు దింపలేనా," అన్నాడు పనిలో చేరిన రోజు. అంటూ పైకి చూడలేదు. నేను అది గమనించాను కానీ పట్టించుకోలేదు.

అంతకు ముందు ఆయన అబుదాబి అవతల మఫ్రఖ్ కూలీల క్యాంపులో ఉండి పరంజాలు కట్టేవాడు. నేను అబుదాబిలోనే ఒక అరబ్బుల ఇంట్లో పనిమనిషిని. మేడమ్ సెలవిచ్చిన శుక్రవారం బస్టాండులో పక్కపక్కన కూచుని టీ తాగడమే మా కాపురం. మా అక్క దగ్గర పెరుగుతున్న మా అమ్మాయి శ్రీదుర్గతో సహా అందరూ మేమిద్దరం దుబాయ్‌లో దర్జాగా ఉంటున్నామనుకునేవారు. దూరపు కొండలు నునుపు.

కరోనా తర్వాత మా మేడమ్ వాళ్ళు వేరే దేశం వెళ్ళిపోయారు. నేను సత్వాలో ఒక టైలరింగు షాపులో చేరాను. థియేటరు బట్టలు చిరిగితే ఆ షాపుకే వచ్చేవి. ఆ థియేటరు బట్టల గదికి పెద్ద తహ్మీనా ఆపా. కరాచీ మనిషి. నా కుట్టు చూసి సీజనుకి రమ్మంది. అప్పటికే మా ఆయన కంపెనీ మూతపడి, కొత్త పని దొరక్కపోతే ఇంటికెళ్ళే పరిస్థితిలో ఉన్నాడు. తాళ్ళు లాగే పనికి మనిషి కావాలని తెలిసి ఆయన పేరు నేనే చెప్పాను. పైకెక్కడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య కదా అనుకున్నాను.

సత్వా గదిలో మొదటి వారం ఒకరినొకరు భరించడం మాకు రాలేదు. ఆయనకి లైటు వెలుగుతుంటేనే నిద్ర పడుతుంది, క్యాంపు అలవాటు. నాకు చీమ చిటుక్కుమన్నా మెలకువొస్తుంది, ఇంటి పనిమనిషి అలవాటు. ఆయన తన కంచం, తన చెంచా మంచం కింద పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. టీ పెట్టుకుని, తాగి, తన గ్లాసు ఒక్కటే కడిగి బోర్లించేవాడు. నా గ్లాసు అక్కడే ఉండేది. ముందు నాకు ఒళ్ళు మండేది. తర్వాత జాలేసేది. ఆ గ్లాసు పక్కన ఇంకో గ్లాసు ఉంటుందని ఆయనకి ఎవరూ నేర్పలేదు.

ఇంకో చిక్కేమిటంటే మాటలు. ఇన్నేళ్ళూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకున్నవాళ్ళం, ఎదురెదురుగా కూచుంటే నోరు పెగిలేది కాదు. "అన్నం పెట్టమంటారా?" "పెట్టు." అంతే. బస్సులో పక్కపక్కన కూచుని చెరో కిటికీ చూసేవాళ్ళం. తీరా థియేటరుకి వెళ్ళి, ఆయన పైకీ నేను కిందకీ చేరాక, ఇంటర్వెల్లో నా ఫోన్ మోగేది. పైనుంచి ఆయనే.

"ఏం చేస్తన్నావే?"

"అప్పడాలు ఆరేస్తన్నానండి."

బ్యాలే వాళ్ళ గౌను నడుం చుట్టూ బిగుసుకుని, గుండ్రంగా బల్లపరుపుగా విచ్చుకుని ఉంటుంది. దానికేదో పేరుంది, నేను మాత్రం అప్పడం గౌననేదాన్ని. వాటిని తలకిందులుగా వేలాడదీయాలి, లేకపోతే అంచు వాలిపోతుంది.

"తిన్నావా?"

"మీరు తిన్నారా?"

"ఇక్కణ్ణించి నీ పాపిడి కనపడతంది," అనేవాడు. నేను తల మీద కొంగు లేనందుకు సిగ్గుపడి పక్కకి జరిగేదాన్ని. గదిలో ఒక్కరోజూ ఆయన నా మొహం వంక సరిగ్గా చూడలేదు.

*

బ్యాలే చూసేవాళ్ళకి తెల్లటి పిల్లలు గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. తెరచాటు నుంచి చూస్తే పైన పటారం, లోన లొటారం. చివరి అడుగు వేసేదాకా నవ్వు మొహం మీదే ఉంటుంది. తెర దాటి ఇవతలికి రాగానే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతారు. కొందరు డోకుతారు. మళ్ళీ పాట మారగానే నడుం నిటారుగా చేసి, నవ్వు తొడుక్కుని వెళ్తారు. నేను తొడిగే బట్టల్లో ఆ నవ్వు కూడా ఒకటి అనిపించేది.

వాళ్ళు కజకిస్తాన్ నుంచి వచ్చారు. శని, ఆదివారాలు పగలొక ఆట, సాయంత్రమొక ఆట. మధ్యలో ఉన్న కాస్త సమయంలో నడవా పొడవునా నేల మీద పడుకుని కాళ్ళు గోడకి ఆనించి పెట్టేవారు. ఒకమ్మాయి ఐసు నీళ్ళ బక్కెట్టులో పాదాలు ముంచి ఇంటికి వీడియో కాలు చేసేది, నీళ్ళు కనపడకుండా ఫోను పైకెత్తి. ఇంకొకమ్మాయి కొత్త బూట్లు మెట్ల మీద ఠపాఠపా బాదేది. వేళ్ళ మొనల మీద నిలబడే ఆ బూట్లు కొత్తవి చెక్కలా ఉంటాయి, బాదితేగాని కాలికి లొంగవు. వాళ్ళ వేళ్ళకి టేపు చుట్టి ఉండేది. విప్పినప్పుడు నేను అటు చూసేదాన్ని కాదు. ఊడుపుల రోజుల్లో మా అమ్మ వేళ్ళు అలా పాసిపోయి ఉండేవి.

అందరిలోకీ పెద్దది అయ్‌గుల్. మంచు దృశ్యంలో రాణి తనే. మోకాలికి పట్టీ, కణత దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. తనకి ఇదే ఆఖరి సీజనని తనే చెప్పింది. ఇంగ్లీషు తనదీ కుంటిదే, నాదీ కుంటిదే, అందుకే మా ఇద్దరికీ బాగా నడిచేది.

సీజను మొదట్లో ఒకరోజు, మంచు పాట మొదలవబోతుండగా తన వీపు మీద హుక్కులు ఊడిపోయాయి. విప్పి బాగుచేసే వ్యవధి లేదు. ఒంటి మీదే కుట్టేయాలి. నేను సూది తీసి ఆగిపోయాను.

మా వైపు తొడుక్కున్న బట్టని ఒంటి మీద కుట్టరు. తప్పనిసరైతే ఆ మనిషి పళ్ళ మధ్య దారం ముక్క పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఆ మనిషి కుట్టినవాళ్ళకి దూరమైపోతుందని మా నాయనమ్మ అనేది. దారం నోట్లో ఉన్నంతసేపూ పెదవి విప్పకూడదు. ఈ దొరసానికి ఇదంతా ఎలా చెప్పాలా అని నేను తికమకపడుతుంటే, అయ్‌గుల్ చెయ్యి వెనక్కి చాపి, నా దారపుండ నుంచి ఒక ముక్క తెంపుకుని పళ్ళ మధ్య పెట్టుకుంది. పెట్టుకుని, ఊ, కుట్టు అన్నట్టు తల ఊపింది.

ఆట అయ్యాక అడిగితే, "మా అమ్మ. మీ అమ్మ కూడా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి కుట్టు పడాల్సిన పిల్లలందరూ నా ముందుకొచ్చి దారం కోసం చెయ్యి చాపేవారు.

నేను కుడుతూ తెలుగులో మాట్లాడేదాన్ని. వాళ్ళకి అర్థం కాదు, నోట్లో దారం ఉంది కాబట్టి బదులూ చెప్పలేరు. మనసులో ఉన్నది చెప్పుకోడానికి అంతకంటే మంచి మనుషులు దొరకరు. "మా ఆయన పైనున్నాడమ్మా," అని అయ్‌గుల్‌తో చెప్పేదాన్ని. "ఇంట్లో ఉన్నప్పటికంటే అక్కడున్నప్పుడే దగ్గరగా ఉంటాడు."

*

సెలవులు మొదలైన వారం, పగటి ఆటలో మంచు ముద్దలుగా పడింది. కాసేపు అసలు పడలేదు, తర్వాత ఒక్కసారిగా గుప్పెడు గుప్పెడుగా కుమ్మరించినట్టు పడింది. అయ్‌గుల్ పరుగున వచ్చి ఒక ముద్ద మీద కాలేసింది. జారి పడింది. పడటం కూడా నాట్యంలో భాగమే అన్నట్టు చేతులు చాచి లేచింది. జనం చప్పట్లు కొట్టారు. తెర ఇవతలికి వచ్చాక నా భుజం పట్టుకుని కిందకి కూలబడింది. చీలమండ అప్పటికే వాచింది.

"కాగజ్ గీలా థా," అంది తహ్మీనా ఆపా. కాయితం తడిసిందేమో అని అందరూ అదే అన్నారు. నాకు మాత్రం పొద్దున గదిలో మా ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం గుర్తొచ్చింది. ఆ రోజు ఇంటర్వెల్లో నాకు ఫోన్ రాలేదు.

రెండు ఆటల మధ్య ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. థియేటరు వెనక సామాన్లు దించే చోట, ప్లాస్టిక్ కుర్చీలో కూచుని మంచు జల్లిస్తున్నాడు. జల్లెడలో జడపిన్నులు, ఊడిన హుక్కులు మిగులుతున్నాయి. వాటిని ఏరి పక్కన డబ్బాలో వేస్తున్నాడు.

"ఏమైందండి?"

"కాయితం చెమ్మగిల్లింది."

"కాయితం కాదు. మీ చెయ్యి."

జల్లెడ ఆపలేదు. నేను ఎదురుగా నేల మీద కూచున్నాను. బియ్యం చెరిగే వేళ మా ఇంటి అరుగు మీద కూచున్నట్టే ఉంది, మనుషులే వేరు.

"దయాకర్ గుర్తున్నాడా?" అన్నాడు చివరికి. "నిజామాబాదు కుర్రోడు. వీడియోలో నా ఎనకాల నిలబడి పాటలు పాడేవోడు."

"ఇంటికెళ్ళిపోయాడని చెప్పారు కదండీ."

"పెట్టెలో ఎళ్ళాడు."

నేను డబ్బా పక్కకి నెట్టి ఆయనకి దగ్గరగా జరిగాను.

"పరంజా మీద నా పక్కనే. కిందకి టీ వచ్చింది, చెప్దామని ఇటు తిరిగాను. అక్కడ లేడు." జల్లెడ ఒళ్ళో పెట్టుకున్నాడు. "కేక కూడా ఎయ్యలేదే. అప్పట్నుంచి పైనుంచి కిందకి చూస్తే చేతులు నా మాట ఇనవు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఫోన్లో చెప్పే మాటా అది."

"పోనీ, వచ్చాకైనా చెప్పచ్చు కదా. రోజూ ఎందుకు ఎక్కారు మరి?"

ఆయన నా వంక చూశాడు. ఆ సీజనులో సరిగ్గా చూసింది అదే మొదలు. "ఎక్కనంటే ఈ పని లేదు. ఈ పని లేకపోతే ఈ నెల లేదు."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. గదిలో మాటాపలుకూ లేకుండా కూచుని, గ్లాసు ఒక్కటే కడుక్కుని, లైటు వేసుకుని పడుకునే మనిషి, ఆ కాపురం కోసం రోజూ వణుక్కుంటూ నిచ్చెన ఎక్కుతున్నాడు. ఇంటర్వెల్లో ఫోన్ చేసి నా పాపిడి కనపడుతోందన్నప్పుడు ఆయన కిందకి చూస్తున్నాడు. 

"పోచన్నకి చెప్పకు," అన్నాడు. "ఇంకెన్ని రోజులు. ఎలాగోలా నెట్టేస్తాను."

పోచన్న తాళ్ళ పనివాళ్ళకి ముదీరు, అంటే పైఅధికారి. జగిత్యాల మనిషి. మాట కటువు, మనసు కాదు. సాయంత్రం ఆటకి నేను అయ్‌గుల్ చీలమండకి పట్టీ చుడుతున్నాను. ఆమెకి బదులు ఆడేవాళ్ళెవరూ లేరు, అందుకని ఆమే ఆడుతోంది. నొప్పికి కళ్ళు మూసుకుని, "మంచు బాగా వస్తుందా?" అని అడిగింది. "వస్తుంది," అన్నాను. అని, పట్టీ కట్టడం కాగానే పోచన్న దగ్గరికి వెళ్ళాను.

అంతా విన్నాడు. "గీ ముచ్చట ముందుగాల జెప్పాలె చెల్లె," అన్నాడు. "పైకెల్లి మనిషి పడితె ఎవలు జవాబియ్యాలె?"

"పని తీసేయకన్నా."

"తీసేసుడెందుకు. కిందికి దించుత, పొరక ఇస్త. గని ఒక్క మాట. సీజను ఖలాస్ అయినంక నా తాన కింద పని లేదు. ఉన్నయన్ని పైకెక్కేటియే."

ఆ సాయంత్రం వేరే మనిషి పైకెళ్ళాడు. మంచు సన్నగా, సమంగా రాలింది. మా ఆయన పొడుగు చీపురు పట్టుకుని తెరచాటున నిలబడ్డాడు. ఎవరు చెప్పారని నన్ను అడగలేదు. బస్సులోనూ అడగలేదు. నేను గుండె చిక్కబట్టుకుని కూచున్నాను, గదికెళ్ళాక ఏమంటాడో అని. గదికెళ్ళి టీ పెట్టాడు. తాగాక లేచి రెండు గ్లాసులూ కడిగాడు. రెండూ పక్కపక్కన బోర్లించాడు. తర్వాత లైటు ఆర్పి పడుకున్నాడు. చీకట్లో చాలాసేపు ఇద్దరికీ నిద్ర పట్టలేదు, కానీ ఎవరూ లైటు వేయలేదు.

*

తర్వాతి రోజులు మా కాపురంలో మంచి రోజులు. ఒళ్ళు హూనమైపోయేది, అది వేరే సంగతి. వరసగా ఆటలు. డాన్సర్లకి దగ్గు, జలుబు, ఒకరి నుంచి ఒకరికి. గౌన్ల చంకల్లో చెమట ఆరేలోపు మళ్ళీ తొడగాల్సి వచ్చేది. పిల్లలు నా ముందు నిలబడి కుట్టించుకుంటూనే నిలువునా కునికేవారు, దారం పెదవి నుంచి వేలాడుతూ ఉండేది. కానీ తెరచాటున, నీలం లైటు కింద, మా ఆయన చీపురుతో నిలబడి ఉండేవాడు. పక్క నుంచి గౌన్ల మోపుతో వెళ్తుంటే దారి ఇస్తూ, "రాణీగారు ఎళ్ళాలి, తప్పుకోండి," అని గొణిగేవాడు. నేను నవ్వు ఆపుకోలేక అప్పడాల్లో మొహం దాచుకునేదాన్ని. ఎదురుగా ఉన్నా మాట్లాడటం ఆయనకి వచ్చేస్తోంది.

అలాంటి ఒక రోజున తహ్మీనా ఆపా నన్ను కుర్చీలో కూచోబెట్టింది. ఆమె తన కుర్చీలో ఇంకొకరిని కూచోబెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను కొడుకు దగ్గరికి కరాచీ వెళ్ళిపోతున్నాను, వీరమ్మా," అంది హిందీలో. "బస్, ఖలాస్. ఈ కళ్ళతో ఇక సూదిలో దారం పోదు. పెద్దవాళ్ళతో మాట్లాడాను. నా చోట్లో నువ్వుండు. వీసా థియేటరే ఇస్తుంది. ఆడవాళ్ళ గదిలో మంచం."

"మా ఆయనకి?"

"మగవాళ్ళకి చోటు లేదు, బేటీ."

సీజను అయ్యాక చెప్తానన్నాను. కానీ అప్పుడే నిశ్చయించుకున్నాను, వద్దని. ఆయన ఇంటికెళ్ళక తప్పదు. ఈ ఒక్క నెల కోసం ఆయన అన్నిసార్లు నిచ్చెన ఎక్కాడు. నేనిక్కడ ఉండిపోతే మళ్ళీ ఫోనే. "నేనూ వచ్చేస్తానండి," అని చెప్పాలి. ఆ మాట గౌన్లు ఆరేస్తూ లోలోపల అనుకునేదాన్ని, ఎలా చెప్తే బాగుంటుందా అని.

అనుకుంటూనే బట్టల గది చుట్టూ చూసేదాన్ని. గోడ నిండా రంగు రంగుల దారపుండలు. నా కత్తెర, నా దీపం. అక్కడ మేడమ్ ఇంట్లోలా పక్కగదిలోంచి నా పేరు పెట్టి అరిచేవాళ్ళు లేరు. డాన్సర్లు వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, వీరా, వీరా, అని థాంక్సు చెప్పేవారు. జీవితంలో నేను పోగొట్టుకోడానికి ఇష్టపడని పని అది ఒక్కటే. ఇది ఆయనకి ఎలాగూ చెప్పలేను కదా అనుకున్నాను.

*

ఆఖరి ఆట నాడు అయ్‌గుల్‌ని నేనే కుట్టాను. హుక్కులు బాగానే ఉన్నాయి, అయినా కుట్టమంది. దారం నోట్లో పెట్టుకుని అద్దంలో తనని తాను చూసుకుంటూ నిలబడింది. నేను ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. కుట్టు అయ్యాక దారం తీసి, ముడుచుకుని, బూటు లోపల పెట్టుకుంది. కుంటుతూ తెర దాకా వెళ్ళి, అక్కడి నుంచి కుంటకుండా వెళ్ళింది.

నేను తర్వాతి దృశ్యం గౌన్ల మోపు ఎత్తుకుని పరుగెత్తాను. తిరిగే చోట ఇనుప స్టాండుకి నా నల్ల జాకెట్టు చంక పట్టుకుని, భుజం దాకా చర్రున చిరిగింది. తెరచాటున అందరం నల్లబట్టలే వేసుకోవాలి. చిరుగులోంచి తెల్ల లోజాకెట్టు మెరుస్తోంది. అలా నిలబడితే జనానికి కనపడుతుంది. నేను చేత్తో మూసుకుని అటూ ఇటూ చూశాను.

"ఆగు," అన్నాడు మా ఆయన. చీపురు గోడకి ఆనించి, నా ఏప్రానుకి గుచ్చి ఉన్న సూది తీశాడు.

"మీకు కుట్టడం వచ్చా?"

"ఎండు కొబ్బరి బస్తాల మూతులు ఎవరు కుట్టారనుకున్నావ్." దారం తెంపి, ఒక ముక్క నా పెదవుల దగ్గర పెట్టాడు. "పట్టుకో."

పళ్ళ మధ్య పట్టుకున్నాను. స్టేజీ మీద మంచు పాట మొదలైంది. నీలం వెలుగులో ఆయన నా వెనక నిలబడి కుట్టసాగాడు. బస్తా కుట్టే చెయ్యి కదా, దూరం దూరంగా, గట్టిగా పడుతున్నాయి కుట్లు. చెయ్యి వణకడం లేదు.

"ఆపా నాతో చెప్పింది," అన్నాడు నా చెవి వెనకాల.

నేను తల తిప్పబోయాను. "కదలకు, గుచ్చుకుద్ది," అన్నాడు.

"సీజనయ్యాక చెప్తానన్నావంట కదా. వద్దని చెప్పకపోయినా నీ మొహం చూస్తే తెలిసిపోయిందంట ఆవిడికి. నాతో వచ్చేత్తానంటావు. నాకు తెలుసు. రావద్దు."

ఒక కుట్టు.

"దుర్గ దగ్గర మనిద్దర్లో ఒకళ్ళం ఉండాలి. నేనుంటాను. చెట్టెక్కను, భయపడకు. పీచు ఫ్యాక్టరీలో పనుందని మీ బావ చెప్పాడు. వంటంటావా, క్యాంపులో గదికి గది అంతా నా చేతి కూరే తిన్నారు. జడంటావా, తాడు పేనినోడికి జడెంత."

ఇంకో కుట్టు. తెర అంచు దాటి స్టేజీ కనపడుతోంది. మంచు రాలుతోంది, ఒక్క ముద్ద లేకుండా. అయ్‌గుల్ ఆ మంచులో ఒంటికాలి మొన మీద తిరుగుతోంది. అది వాచిన కాలు.

"ఆ పిల్లలు నీ పేరు పిలుత్తుంటే నేను ఇంటన్నాను రోజూ," అన్నాడు. "మన ఊళ్ళో నిన్నెవరు అలా పిలిచారు? నేనైనా పిలిచానా?" దారం బిగించాడు. "నువ్వు ఫోన్ చెయ్యి. ఫోన్లో అయితే నాకు మాటాడ్డం బాగా వచ్చు కదా."

నేనూ వచ్చేస్తానండి. ఆ మాట అన్ని రోజులుగా సాధన చేసి ఉంచుకున్నది, గొంతు దాకా వచ్చింది. దారం ఉమ్మేస్తే చాలు, అనేయచ్చు. నాలుకతో తోస్తే పడిపోయే పోగు అది. ఆయన ఆఖరి కుట్టు వేసి, ముడి వేసి, వంగి నా భుజం దగ్గర దారం పళ్ళతో కొరికాడు. ఊపిరి తగిలింది. వెనక్కి జరిగి నిలబడ్డాడు. నేనేమంటానా అని చూస్తున్నాడు.

పాట ఆగింది. చప్పట్లు లేచాయి. అయ్‌గుల్ తెర ఇవతలికి వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. తలెత్తి నన్ను చూసింది. నా భుజం మీద లావుపాటి కుట్లు చూసింది, మా ఆయన చేతిలో సూది చూసింది. కుట్టు అయిపోయింది కదా, తీసెయ్యి అన్నట్టు తన పెదవి మీద వేలు పెట్టి చూపించింది.

మా ఆయన సూది తెచ్చి నా ఏప్రానుకి జాగ్రత్తగా గుచ్చాడు. చీపురు తీసుకుని స్టేజీ మీదకి వెళ్ళి మంచు ఊడవడం మొదలుపెట్టాడు. నేను గౌన్ల మోపు ఎత్తుకున్నాను. దారం ఇంకా నా పళ్ళ మధ్యే ఉంది.